మోటార్ పోయిందని చెప్పింది మేమే



ఈమధ్య మన ఏజెన్సీ ఊళ్లలో సెకండ్ హ్యాండ్ కార్లు బాగా పెరిగాయి. లంబసింగి, వంజంగి, అరకు వైపు టూరిస్టుల్ని తిప్పుదామని ఒకరు, సంతకి మిరియాలు, పసుపు వేసుకెళ్దామని ఒకరు, రాత్రిపూట ఆసుపత్రి అవసరానికి ఉంటుందని ఒకరు, అప్పో సప్పో చేసి కొంటున్నారు. కొన్న ఆరు నెలలకి మనలాంటి వాళ్లకి ఫోన్ చేస్తారు. "ఒరే, నువ్వు ఐటీఐ చదివావు కదా, అద్దం ఎక్కట్లేదు, ఏటైందో చెప్పు" అంటారు. అప్పుడు మనం చెప్పే ఒక్క మాట మీద వాళ్ల డబ్బు ఆధారపడి ఉంటుంది. ఒక్కోసారి డబ్బు కన్నా పెద్దదే ఉంటుంది. మేము ఆ మాట తప్పు చెప్పాం. ఎలా తప్పు చెప్పామో, ఇప్పుడు ఎలా చూస్తున్నామో రాస్తున్నాం. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మేము నలుగురం. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు, రెండేళ్ల కోర్సు, ఒకే హాస్టల్ గది. ఇంజిన్ అంటే మాకు బెరుకు లేదు. పిస్టన్, వాల్వు, క్లచ్ బొమ్మలు కళ్లు మూసుకుని గీసేవాళ్లం. కానీ మా షెడ్డులో ప్రాక్టికల్స్‌కి ఉన్న పాత జీపుకి అద్దాలు చేత్తో తిప్పేవే. పవర్ విండో గురించి పుస్తకంలో ఉన్న కొద్ది పేజీలు పరీక్షకి రావులే అని వదిలేశాం. ఊళ్లో మాత్రం మమ్మల్ని అందరూ మెకానిక్కులనే పిలిచేవాళ్లు. కాదు, ఇంకా నేర్చుకుంటున్నాం అని మేమూ ఎప్పుడూ అనలేదు. ఆ పిలుపు మాకు నచ్చింది.

మాలో ఒకడికి సొంత మేనమామ, మిగతా ముగ్గురికీ వరస కలిసిన మావయ్య ఒకాయన ఉన్నాడు. ఊరు పెదబయలు దాటి లోపలికి. రెండేళ్ల కిందట ఏడు సీట్ల పాత కారు ఒకటి కొన్నాడు. సగం మిరియాల డబ్బు, సగం ఫైనాన్సు. చలికాలం టూరిస్టులు, మిగతా రోజుల్లో సంత బేరాలు, అర్ధరాత్రి ఎవరికైనా బాగోకపోతే పాడేరు ప్రయాణం. ఏడుగురు కూర్చునే బండిలో పదిమంది కూర్చుంటారని మీకు చెప్పక్కర్లేదు. ఆ పదిమందీ ఎక్కేదీ దిగేదీ ఎడమ పక్క మధ్య డోర్ నుంచే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

జులైలో ఒక ఆదివారం మావయ్య బండి హాస్టల్ దగ్గరికి తెచ్చాడు. "అల్లుళ్లూ, ఈ అద్దం దిగుతోంది గానీ ఎక్కట్లేదురా. చేత్తో పైకి లాగి అట్టముక్క దోపి తెచ్చాను" అన్నాడు. అదే ఎడమ మధ్య డోర్. మేము నలుగురం చుట్టూ మూగాం. స్విచ్ పైకి నొక్కాం. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాం. లేదు. కిందకి నొక్కితే బుర్రుమని దిగింది. డ్రైవర్ దగ్గరున్న స్విచ్ ముట్టుకోనే లేదు. డోర్ తీసి చూడలేదు. ఫ్యూజు బాక్సు ఎక్కడుందో కూడా వెతకలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, మాలో ఒకడు పెద్ద డాక్టరులా "మోటార్ పోయింది మావయ్యా" అనేశాడు. మిగతా ముగ్గురం తలూపాం. ఎవడు అన్నాడో ఇక్కడ రాయం. నలుగురం కలిసి చెప్పినట్టే లెక్క.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పైకి ఎక్కించే మోటారూ, కిందకి దించే మోటారూ ఒకటే కదా! ఆ డోర్లో రెండు మోటార్లు ఉండవు. 12 వోల్టుల డీసీ మోటార్ అది. రెండు వైర్లలో కరెంటు ఒక వైపు నుంచి వెళ్తే అద్దం ఎక్కుతుంది, తిరగేస్తే దిగుతుంది. ఆ తిరగేసే పని స్విచ్‌ది. కాబట్టి బుర్రుమని దిగిన మోటార్ బతికున్న మోటారే. పైకి నొక్కినప్పుడు మూలిగినట్టు చప్పుడు వచ్చి అద్దం కదలకపోతే, మోటార్ నీరసించిందనో, ఎక్కడో పట్టేసిందనో అనుకోవచ్చు. ఎందుకంటే దిగేటప్పుడు అద్దం బరువు సాయం చేస్తుంది, ఎక్కేటప్పుడు ఆ బరువే అడ్డం. కానీ మాకు ఆ మూలుగు కూడా వినపడలేదు. చప్పుడే లేదంటే కరెంటే చేరలేదని. ఇది మా చెవుల ముందే జరిగింది. మేము వినలేదు.

మావయ్య మా మాట నమ్మి కిందకి, మైదానం ఊళ్లో ఒక షాపుకి వెళ్లాడు. వాళ్లు ఏమైందని అడిగితే "మా పిల్లలు చదువుకున్నోళ్లు, మోటారే అన్నారు" అని చెప్పాడట. వాళ్లూ మోటారే మార్చారు. మోటార్, దాని మెషీన్, కూలి కలిపి 4,800 రూపాయలు. పైగా ఒక రోజు బేరం పోయింది, డీజిల్ ఖర్చు. ఆ నెల ఫైనాన్సు వాయిదా కట్టలేదని ఆ తర్వాత తెలిసింది. అద్దం మాత్రం బాగా ఎక్కింది. మావయ్య ఫోన్ చేసి మెచ్చుకున్నాడు కూడా. మేము ఆ రోజు హాస్టల్లో కాలర్ ఎగరేసుకుని తిరిగాం.

అది తొమ్మిది రోజులు పనిచేసింది.

పదో రోజు రాత్రి మా ఊళ్లో ఎనిమిది నెలల పిల్లోడికి జ్వరం ముదిరింది. ఊపిరి వేగంగా తీస్తున్నాడు, డొక్కలు ఎగరేస్తున్నాడు. ఆశా అక్క చూసి ఆలస్యం చెయ్యొద్దు, ఇప్పుడే పాడేరు తీసుకెళ్లండి అంది. చేతికందిన బండి మావయ్యదే. మధ్య సీట్లో పిల్లోడి అమ్మ, ఒళ్లో పిల్లోడు, పక్కన అవ్వ. ముందు సీట్లో పిల్లోడి నాన్న. బయట వాన. మన రోడ్ల మెలికలు మీకు తెలుసు. కొంచెం దూరం వెళ్లేసరికి ఆ తల్లికి వాంతి వచ్చింది. అద్దం దించింది. తల బయట పెట్టి కక్కుకుంది. తర్వాత ఎక్కిద్దామని నొక్కితే అద్దం కదలలేదు.

మావయ్య బండి ఆపి వచ్చి నొక్కాడు. ముందు నుంచి నొక్కాడు. లేదు. అద్దం పూర్తిగా డోర్ లోపలికి దిగిపోయింది, చేత్తో పట్టుకుని లాగడానికి అంచు కూడా దొరకలేదు. ఆగి బాగుచేసే టైం కాదు. అలాగే పోనిచ్చాడు. ఆ గాలీ వానా నేరుగా పిల్లోడి మీదికే. అవ్వ తన గొడుగు కారు లోపలే విప్పి, కిటికీకి అడ్డం పెట్టి, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. గాలికి గొడుగు లోపలికి వంగిపోతుంటే మోకాలు ఆనించి ఆపింది. పాడేరు చేరేదాకా అలాగే ఉంది. పిల్లోడిని ఆసుపత్రిలో చేర్చుకుని ఆక్సిజన్ పెట్టారు. అయిదారు రోజులకి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు పరుగులు పెడుతున్నాడు, మా బండ్ల కింద దూరుతున్నాడు. అందుకే ఇది ఇలా రాయగలుగుతున్నాం.

మావయ్య ఇదంతా మాకు చెప్పలేదు. తర్వాతి సంతలో అవ్వ కనిపించి చెప్పింది. అవ్వకి తెలుగు అంతగా రాదు, మన ఆదివాసీ ఒడియాలోనే చెప్పింది. మమ్మల్ని తిట్టడానికి కాదు. మోటార్ అన్నది మేమని ఆమెకి తెలియదు కూడా. ఆ రాత్రి గొడుగు సంగతి చెబుతూ, మధ్యలో ఒక మాట అంది. "పాడేరులో దిగేటప్పుడు తలుపు తీసి, పిల్లోడిని అందిస్తూ ఆ మీట మీద చెయ్యి ఆనించాను. అద్దం జానెడు పైకి లేచింది. తలుపు మూసి నొక్కితే మళ్లీ లేదు. ఏం తలుపో!" అని నవ్వింది.

మేము నవ్వలేదు. తలుపు తీస్తే లేచింది, మూస్తే లేదు. మోటారులో లోపం ఉంటే తలుపు తీసినా మూసినా ఒకటే కదా. తలుపు తీసినప్పుడూ మూసినప్పుడూ కదిలేది ఏమిటి? డోర్‌కీ బాడీకీ మధ్య నల్ల రబ్బరు గొట్టంలో ఉండే వైర్లు. ఆ డోర్ రోజుకి ఎన్నిసార్లు తీస్తారో, మూస్తారో ముందే చెప్పాం. తీసిన ప్రతిసారీ ఆ వైర్లు వంగుతాయి. ఒక తీగని ఒకే చోట పదేపదే వంచితే ఏమవుతుందో చిన్నప్పుడు కంచె తీగ తెంపిన ఎవరికైనా తెలుసు.

ఆ ఆదివారం మేమే ఊరికి వెళ్లాం. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీశాం. రబ్బరు గొట్టాన్ని రెండు కొసల నుంచీ ఊడదీసి వెనక్కి జరిపాం. పైకి వైర్లన్నీ బాగున్నట్టే ఉన్నాయి. ఒక్కొక్కటి పట్టుకుని మెల్లిగా లాగాం. ఒక వైరు రబ్బరులా సాగింది. లోపల రాగి తెగిపోయి పైతోలు ఒక్కటే మిగిలితే అలా సాగుతుంది. తోలు చీల్చి చూస్తే లోపల ఆకుపచ్చగా చిలుము పట్టిన రెండు కొసలు. దాని పక్క వైరు కూడా సగం తెగి ఉంది. షాపులో డోర్ విప్పి బిగించేటప్పుడు కదిలి, తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకున్నాయన్నమాట. తొమ్మిది రోజులు ఆనుకుని ఉన్నాయి.

మూరెడు వైరు, కొంచెం సోల్డరు, రెండు స్లీవులు. వంద రూపాయలు కూడా కాలేదు. అతుకు మాత్రం వంగే చోట పెట్టలేదు. సోల్డరు పెట్టిన చోట వైరు బిరుసెక్కుతుంది, అక్కడ వంచితే మళ్లీ తెగుతుంది. అందుకని తెగిన ముక్క కోసేసి, కొంచెం పొడవుగా కొత్త వైరు వేసి, ఒక అతుకు డోర్ లోపలికి, ఇంకోటి బాడీ లోపలికి వచ్చేలా చేశాం. బ్యాటరీ తగిలించి నొక్కితే ఎక్కింది. డోర్ మూసి నొక్కితే ఎక్కింది. ఇరవైసార్లు డోర్ తీసి మూసి నొక్కాం.

అప్పుడు మావయ్య లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవర్ ఒకటి తెచ్చాడు. షాపులో తీసేసిన పాత మోటార్. "రాగి ఉంటాది కదా, పారేయడం దేనికని తెచ్చుకున్నాను" అన్నాడు. మేము దాన్ని నేల మీద పెట్టి, రెండు వైర్లు బ్యాటరీకి తాకించాం. గిర్రున తిరిగింది. వైర్లు తిరగేసి తాకించాం. అటు తిరిగింది. మా నలుగురిలో ఎవరూ మాట్లాడలేదు. మావయ్య దాని వంక చూసి, "మంచిదేనన్నమాట" అని టీ పెట్టమని లోపలికి కేకేశాడు.

బళ్లో చదివేటప్పుడు మమ్మల్ని కూడా కొందరు ఇలాగే చూశారు. తెలుగు సరిగ్గా పలకకపోతే "వీడికి బుర్ర లేదు" అన్నారు. ఇంట్లో వేరే భాష మాట్లాడతామని ఎవరూ అడగలేదు. చూడకుండా తేల్చేస్తే ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. తెలిసి కూడా అదే పని మేము చేశాం. అవ్వ ఆ డోర్ పక్కనే కూర్చుంది. ఆమెని ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టాం. అద్దం పనిచెయ్యట్లేదని ఎవరు బండి తెచ్చినా పానా పట్టుకునే ముందు కొన్ని సంగతులు వరసగా చూస్తాం. జూనియర్లకి పనికొస్తుందని ఆ వరస ఇక్కడ రాస్తున్నాం.

మొదట అడుగుతాం. ఎప్పటి నుంచి? ఒక్కసారిగా ఆగిందా, కొన్నాళ్లు నెమ్మదిగా కదిలి ఆగిందా? ఆగే ముందు చప్పుడు మారిందా? బండి ఓనరుని ఒక్కడినే కాదు, ఆ అద్దం పక్కన కూర్చునేవాళ్లనీ అడుగుతాం.

తర్వాత, ఒక్క అద్దమా, అన్నీనా? నాలుగూ ఒకేసారి ఆగితే నాలుగు మోటార్లు ఒకే రోజు పోవు. ఫ్యూజో, రిలేనో, మెయిన్ వైరో చూడాలి. డ్రైవర్ అద్దం బాగానే ఉండి, మిగతా అద్దాలు వాటి వాటి స్విచ్‌లతో కదలకపోతే, డ్రైవర్ డోర్ మీద తాళం బొమ్మ ఉన్న లాక్ బటన్ చూడండి. పిల్లలు ఆడుకోకుండా పెట్టిన బటన్ అది. ఎవరి మోచెయ్యో తగిలి నొక్కుకుపోతుంది. ఒక టీచరు గారు ఇదే సమస్యతో బండి తెచ్చారు. మేము బటన్ నొక్కి ఇచ్చేశాం. ఆయన నమ్మలేక అక్కడే మూడుసార్లు ఎక్కించి దించి చూసుకున్నారు.

ఒక్కటే ఆగితే రెండు స్విచ్‌లతోనూ, రెండు వైపులకీ చూడాలి. డ్రైవర్ దగ్గర స్విచ్‌తో కదిలి, డోర్ మీది స్విచ్‌తో కదలకపోతే మోటార్ మంచిదే. లాక్ బటన్ కూడా కాకపోతే ఆ డోర్ స్విచ్‌నో, దానికొచ్చే వైరునో అనుమానించాలి. మన రోడ్ల దుమ్ము, వాన నీళ్లు స్విచ్‌లోకి దిగి లోపలి పాయింట్లు నల్లబడతాయి. ఒక వైపు పనిచేసి ఇంకో వైపు చప్పుడు కూడా లేకపోతే మా కథ గుర్తు తెచ్చుకోండి.

ఇక చెవి పని. నొక్కగానే లోపల మోటార్ హాయిగా తిరుగుతున్న చప్పుడు వస్తోంది, అద్దం మాత్రం కదలట్లేదు. అప్పుడు మెషీన్‌లో తాడు తెగిందనో, అద్దాన్ని పట్టుకునే క్లిప్పు విరిగిందనో అర్థం. అలాంటి అద్దాన్ని అరచేతులతో నొక్కితే జారిపోతుంది. మెషీన్ బాగుంటే జారదు, మోటారులో ఉన్న వర్మ్ గేరు పట్టి ఉంచుతుంది. టకటకా, కరకరా చప్పుడుతో అద్దం ఒక పక్కకి వాలి ఎక్కుతుంటే మెషీన్ పోబోతోందని ముందుగా చెబుతున్నట్టు. అప్పుడే చూపించుకుంటే అద్దం డోర్ లోపల పడి పగలకుండా ఉంటుంది.

కంటి పని కూడా ఉంది. చీకట్లో లోపలి లైటు వేసి స్విచ్ నొక్కండి. అద్దం కదలకపోయినా లైటు కొంచెం మసకబారితే మోటార్ దాకా కరెంటు వెళ్తోంది, మోటార్ గానీ అద్దం గానీ ఎక్కడో పట్టేసింది. లైటు ఏమాత్రం మారకపోతే చాలావరకు కరెంటే వెళ్లట్లేదు. పట్టేసిందని అనిపిస్తే స్విచ్ నొక్కి ఉంచి, డోర్ ప్యాడ్ మీద మోటార్ ఉన్న చోట గుప్పిటతో మెల్లిగా తట్టండి. తట్టగానే తిరిగితే లోపల బ్రష్‌లు అరిగాయని అనుమానించొచ్చు. ఇలాంటప్పుడు నిజంగానే మోటార్ పనే. కాకపోతే ఊరికి చేరేదాకా ఈ తట్టుడు పనికొస్తుంది.

డోర్ తీసి, సగం తీసి, మూసి, మూడు రకాలుగా నొక్కి చూడాలి. ఇది మాకు అవ్వ నేర్పింది. నోటుబుక్కులో దీని పేరు అవ్వ టెస్టే.

ఇవన్నీ అయ్యాకే డోర్ ప్యాడ్ విప్పుతాం. మోటార్ సాకెట్ ఊడదీసి, వచ్చే రెండు వైర్ల మధ్య 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ పెడతాం. స్విచ్ పైకి నొక్కినప్పుడూ, కిందకి నొక్కినప్పుడూ రెండుసార్లూ బాగా వెలిగితే అప్పుడు మోటారునో మెషీన్‌నో అనుమానించొచ్చు. ఒక్కసారి కూడా వెలగకపోయినా, ఒక వైపే వెలిగినా, మోటార్ జోలికి వెళ్లకుండా వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. అయిదు నిమిషాల పని. ఆ రోజు మా దగ్గర ల్యాంప్ కూడా ఉంది, పెట్టెలో.

మెషీన్ విప్పేటప్పుడు జాగ్రత్త. కత్తెరలా మడత పడే రకం మెషీన్లలో గట్టి స్ప్రింగ్ ఉంటుంది. మోటార్ బోల్టులు తీయగానే అది ఎగిరి వేళ్లు నలుగుతాయి. పళ్ల చక్రాన్ని కట్టేశాకే తియ్యాలి. అద్దాన్ని కూడా పైన టేపుతో అతికించి ఉంచాలి.

చలికాలం వేరే సంగతి. లంబసింగి వైపు తెల్లవారుజామున తిరిగే బండ్ల అద్దాలు నెమ్మదిగా ఎక్కుతున్నాయని చాలామంది వస్తారు. చలికి రబ్బరు బీడింగు బిగుసుకుంటుంది, అందులో దుమ్ము కూడా చేరి ఉంటుంది. ఇంజిన్ ఆపి ఒకసారి, స్టార్ట్ చేసి ఒకసారి నొక్కి చూడండి. స్టార్ట్ చేశాక బాగా వేగం పెరిగితే ముందు బ్యాటరీ సంగతి చూడండి. రెండింటికీ నెమ్మదిగానే ఉంటే బీడింగు గాడిని తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిలు, గ్రీజు పుయ్యొద్దు. రబ్బరు పాడవుతుంది, దుమ్ము ఇంకా అతుక్కుంటుంది. మేము మొదట్లో గ్రీజే పూశాం, అది ఇంకో కథ.

పదేపదే నొక్కితే ఆగిపోయి, కొంతసేపటికి దానంతటదే పనిచేస్తే కంగారు పడొద్దు. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు ఆపే ఏర్పాటు ఉంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. మామూలుగా వాడినా అలా ఆగుతుంటే మాత్రం అద్దం ఎక్కడో బిగుసుకుంటోంది. ఒక్క నొక్కుకి పూర్తిగా ఎక్కే రకం అద్దం పైదాకా వెళ్లి మళ్లీ దిగిపోతుంటే, ఏదో అడ్డం ఉందని అది అనుకుంటోంది. గాడి శుభ్రం చెయ్యాలి. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత మొదలైతే, దాని హద్దులు దానికి మళ్లీ నేర్పాలి. చాలా బండ్లలో అద్దం పూర్తిగా ఎక్కించి, స్విచ్ కొన్ని సెకన్లు పట్టి ఉంచితే సరిపోతుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఆ పద్ధతి ఉంటుంది.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వెయ్యండి. ఒక బండిలో ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉండటం చూశాం. వైర్ల తోలు కరిగి ముద్దయిపోయింది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో షార్టు ఉన్నట్టు. దాన్ని వెతకాలి, పెద్ద ఫ్యూజు వెయ్యకూడదు.

డోర్ తీసి మూసేటప్పుడు లోపల నీళ్లు తొణికిన చప్పుడు వస్తే డోర్ అడుగున చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయని అర్థం. అద్దం మీద పడిన వాన నీళ్లలో కొన్ని డోర్ లోపలికి దిగి ఆ రంధ్రాల నుంచి పోవాలి. పోకపోతే మెషీన్ తుప్పు పడుతుంది. ఒక పుల్ల చాలు. మన వానాకాలంలో నెలకోసారైనా పొడిచి చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట, పిల్లల గురించి. అద్దం మోటార్ బలం తక్కువేమీ కాదు. అడ్డం తగిలితే వెనక్కి దిగే ఏర్పాటు లేని బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. సీటు మీద మోకాళ్లు వేసి, తల బయట పెట్టి చూడటం మన పిల్లలందరికీ సరదా. పాత రకం స్విచ్‌లు మోకాలు ఆనినా నొక్కుకుపోతాయి. పిల్లలు ఎక్కితే లాక్ బటన్ నొక్కండి, దిగేటప్పుడు తాళంచెవి తీసుకోండి. ఎక్కించే ముందు వెనక్కి తిరిగి చూడండి. వాగు పొంగితే అసలు దాటొద్దు. ఖర్మకాలి నీళ్లలో ఇరుక్కుంటే నీళ్లు అద్దం దాకా రాకముందే అద్దం దించి బయటపడాలి. నీటి ఒత్తిడికి డోర్ తెరుచుకోదు. అద్దం పనిచెయ్యకపోయినా ఏసీ ఉంది కదా అని నెలల తరబడి వదిలేసేవాళ్లకి ఇది కూడా చెబుతుంటాం.

చివరగా ఆ 4,800 సంగతి. మేము డబ్బులు పోగుచేసి ఇస్తామంటే మావయ్య ఒప్పుకోలేదు. "స్కాలర్‌షిప్ డబ్బులు నాకెందుకురా" అని కసిరాడు. సంక్రాంతి సెలవులకి నలుగురం ఆయన కాఫీ తోటకి వెళ్లి పళ్లు కోశాం. కూలి తీసుకోలేదు. ఆఖరి రోజు బస్తాలు బండిలో వేస్తుంటే మావయ్య అన్నాడు, "ఇంకెవరికైనా చెప్పేటప్పుడు, తెలీకపోతే తెలీదని చెప్పండ్రా. తెలీదంటే నేను ఇంకొకడిని అడిగేవోడిని." అంతకుమించి ఆయన ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు మాలో ఇద్దరం షెడ్డుల్లో పనిచేస్తున్నాం, ఇద్దరం అప్రెంటిస్‌షిప్‌లో ఉన్నాం. చూసేదాకా తెలీదు అని చెప్పడం మొదట్లో నామోషీగా ఉండేది. ఇప్పుడు అలవాటైంది. ఆ మాట విని ఎవరూ బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోలేదు.

ఆ పాత మోటార్ ఇంకా మా దగ్గరే ఉంది. ఊరికి వెళ్లినప్పుడల్లా బ్యాటరీ తాకించి చూస్తాం, తిరుగుతోంది. మీలో ఎవరి బండికైనా అదే రకం సరిపోతే వచ్చి పట్టుకెళ్లండి, డబ్బులేమీ వద్దు. కాకపోతే ముందు డోర్ తీసి ఒకసారి, మూసి ఒకసారి స్విచ్ నొక్కి చూసి రండి.